దన్‌బికి రెండేళ్లు

"ఊపిరి లేదు! జేవుక్, పాపకి ఊపిరి ఆడట్లేదు!"

భార్య అరుపుకి జేవుక్ బ్రేకు తొక్కాడు. తొక్కకపోయినా ఫరవాలేదు, ట్రక్కు అప్పటికే ఆగినట్టే ఉంది. కనుమ దారిలో మంచు మోకాలి లోతున పేరుకుపోయింది. ముందు ఒక పాల లారీ జారి రోడ్డుకి అడ్డం పడింది. వెనక బారులు తీరిన బళ్లు. ఎటూ కదిలే దారి లేదు.

ఇసుల్ ఒళ్లో దన్‌బి తడిసిన గుడ్డలా వేలాడుతోంది. పెదవుల చుట్టూ నీలం కమ్ముకుంది.

భార్యాభర్తల మధ్య ఇరుక్కుని కూర్చున్న తాక్ మన్‌గిల్ అప్పటికే అత్యవసర సేవల నంబరు 119కి ఫోన్ కలిపాడు. ఆయన జేవుక్ తండ్రి. సోల్‌గోల్ లోయలో తేనె అంటే ఆయన పేరే చెబుతారు.

"నా మనవరాలు... ఊపిరి ఆగిపోయింది! కనుమ మీద ఇరుక్కుపోయాం!"

"అంబులెన్స్ బయల్దేరుతోంది. ఈలోగా నేను చెప్పినట్టు చేయండి. పాప వయసెంత?" స్పీకర్లో అవతల అమ్మాయి గొంతు స్థిరంగా ఉంది.

"రెండేళ్లు!"

"సీటు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో ఒక అరచెయ్యి ఆనించి, చెయ్యి నిటారుగా పెట్టి, గట్టిగా నొక్కండి."

ఇసుల్ అరచెయ్యి ఆనించింది. దాని కింద పాప ఛాతీ మొత్తం మాయమైంది. ఒక్కసారి నొక్కితే ఎముకలన్నీ విరుగుతాయి. ఆమె మామగారి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"రెండేళ్లు కాదు! రెండు నెలలు! డిసెంబరు ఆఖర్లో పుట్టింది!"

"చెయ్యి తీసెయ్యండి!" ఆ గొంతులో స్థిరత్వం పోయింది. "వెంటనే తీసెయ్యండి. రెండు వేళ్లు చాలు, రెండే వేళ్లు. ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి, చిన్నగా ఊదండి. బుగ్గ నిండా ఉన్న గాలి మాత్రమే."

ఇసుల్ ఊదింది. వేళ్లతో నొక్కింది. మళ్లీ ఊదింది. జేవుక్ కిందికి దూకి, చేతులు ఊపుతూ మంచులో పరుగెత్తాడు. మన్‌గిల్ ఖాళీ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

చాలాసేపటికి పాప గొంతులో చిన్న శబ్దం. ఏడుపు కాదు. గాలి దారి వెతుక్కుంటున్న శబ్దం.

* * *

నగరంలో పెద్దాసుపత్రి. పిల్లల అత్యవసర విభాగంలో దన్‌బి నోట్లో గొట్టం పెట్టారు. యంత్రం ఊదితే ఛాతీ లేస్తోంది, ఆపితే పడుతోంది. మంచం తల దగ్గర పేరు చీటీ కట్టారు. తాక్ దన్‌బి, ఆడ, వయసు 0.

మన్‌గిల్ చూపు దాని మీద పడింది. "సున్నా ఏంటి? ఇది పుట్టనే లేదా?"

"చట్టం మారింది కదా తాతగారూ," అంది నర్సు, సూది సర్దుతూ. "ఇప్పుడు నిండిన ఏళ్లే రాస్తాం."

"మీ చట్టం కాగితం మీద పెట్టుకోండి. పుట్టగానే ఒకటి. కొత్త ఏడాదికి ఇంకొకటి. మా తాతల నాటి నుంచీ అదే లెక్క."

"నాన్నా, ఇప్పుడా?" జేవుక్ తండ్రి భుజం పట్టుకుని పక్కకి లాగాడు.

డాక్టర్ బాంగ్ పొట్టి మనిషి. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుంది. ముగ్గుర్నీ నడవాలోకి తీసుకొచ్చి ప్రశ్నల వర్షం కురిపించింది.

"ఏడుపు ఎప్పట్నుంచి సన్నబడింది?"

"నాలుగు రోజులైంది," అంది ఇసుల్. "ముందు పాలు పీల్చడం తగ్గించింది. తర్వాత రెప్పలు వాలిపోయాయి. నిద్రమత్తు అనుకున్నాం. నిన్నట్నుంచి మెడ బొత్తిగా వేలాడిపోతోంది."

"విరేచనం?"

"వారం పైనే అయింది."

డాక్టర్ బాంగ్ పెన్ను తీసి మళ్లీ జుట్టులో గుచ్చుకుంది. "తేనె ఎవరైనా పెట్టారా?"

"లేదు," అంది ఇసుల్.

"లేదు," అన్నాడు జేవుక్.

మన్‌గిల్ మొహం ఎర్రబడింది. "డాక్టరమ్మా, నేనెవరో తెలుసా? ముప్పై ఏళ్లుగా తేనెటీగలు పెంచుతున్నవాణ్ణి. ఏడాది లోపు పిల్లలకి పెట్టొద్దని ప్రతి సీసా మీదా ఎర్రక్షరాలతో నేనే అంటిస్తాను. కొనేవాళ్లకి నోటితో కూడా చెప్తాను. ఇంట్లో అందరికీ పిల్ల పుట్టిన రోజే చెప్పాను. నన్నా అడుగుతున్నారు?"

"కోప్పడకండి. ఎందుకు అడుగుతున్నానో వినండి." ఆమె గొంతు తగ్గించింది. "ఒక్కోసారి తేనెలో కంటికి కనబడని క్రిమి గింజలుంటాయి. మన కడుపులో పడితే ఏమీ కాదు. పసిపేగులో పడితే మొలకెత్తి విషం కక్కుతాయి. ఆ విషం కండరాలన్నిటినీ ఒక్కొక్కటిగా పడుకోబెడుతుంది. పేగు, నాలుక, రెప్పలు, మెడ. చివర్లో ఊపిరి."

దన్‌బి జబ్బు అదే వరసలో నడిచింది.

"విరుగుడు మందుంది. ఇక్కడ లేదు. సర్కారు నిల్వ నుంచి రావాలి, దానికి నేను గట్టి కారణం చెప్పాలి. పరీక్షకి పంపాను గానీ ఫలితానికి రోజులు పడుతుంది. ఇలాగే కనబడే జబ్బులు ఇంకో మూడున్నాయి. వాటికి వేరే వైద్యం. తేనె పెట్టారని తేలితే ఈ క్షణమే మందుకి ఫోన్ చేస్తాను. లేదంటే చీకట్లో వెతకాలి. పాపకి అంత టైం లేదు."

"పాలపొడి!" మన్‌గిల్ చేత్తో గోడ మీద చరిచాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. తల్లి పాలు చాలట్లేదని ఆ డబ్బా పాలు పట్టింది. ఏ గోదాములో మురిగిందో ఏమో. డాక్టరమ్మా, విషం అందులో ఉంది."

"నేను నీళ్లు మరిగించే కలిపాను మామయ్యగారూ."

"సిటీలో పెరిగిన పిల్లవి, నీకేం తెలుసు? వెళ్లు. వెళ్లి ఆ డబ్బా పట్రా. ఈవిడ చేతిలో పెడదాం. ఎవరు చేసిందో అప్పుడు తేలుతుంది. చేసినవాళ్ల చెయ్యి విరిచేస్తాను నేను."

ఇసుల్ భర్త వైపు చూసింది. జేవుక్ నేల చూస్తున్నాడు.

"తీసుకురా ఇసుల్," అన్నాడు చివరికి. "అనుమానం పోతుంది కదా."

అంబులెన్స్ వెనకే జేవుక్ తెచ్చిన ట్రక్కు తాళం ఆమె అందుకుంది.

* * *

మంచు తీసే బండ్లు కనుమ దారిని ఒక వరస మేర తవ్వాయి. పొద్దున పాప ఊపిరి ఆగిన మలుపు దాటేటప్పుడు ఇసుల్ పక్కకి చూడలేదు. చక్రం జారితే చచ్చిపోతానన్న భయం కూడా వేయలేదు. బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది. వేరే జబ్బు అయితే వేరే వైద్యం. ఏదో ఒకటి తెలియాలి.

ఇంట్లో అడుగుపెడితే నేల వెచ్చగా తగిలింది. కిటికీ పక్కన పరుపు మీద నాయనమ్మ కూర్చుని ఉంది. మన్‌గిల్ తల్లి. తొంభై నాలుగేళ్లు. చట్టం మారాక టీవీలో అందరి వయసూ తగ్గిందని చెప్పినప్పుడు ఊరంతా నవ్వేలా అంది, "నాకు రెండేళ్లు తిరిగిచ్చారట. మరి ఆ రెండేళ్లూ తిన్నదంతా ఎక్కడ కక్కను?"

"వచ్చావా? పిల్ల ఏది?"

"ఆస్పత్రిలో ఉంది నాయనమ్మా. వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు." ఇసుల్ వంటింట్లోకి పరుగెత్తి పాలపొడి డబ్బా తీసి సంచిలో పడేసింది. అలమర తలుపులన్నీ తెరిచింది. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియదు.

"కడుపు కదిలిందా?" నాయనమ్మ అక్కణ్ణుంచే కేకేసింది.

ఇసుల్ చెయ్యి తలుపు మీదే ఆగింది. "ఏంటి?"

"గొణగకే, చెవులు మందం నాకు. పిల్ల కడుపు కదిలిందా అని. పొట్ట రాయిలా ఉందిగా. డబ్బా పాలు తాగితే అంతే. రోజూ పొద్దున నువ్వు బట్టలుతికే వేళకి పడుతూనే ఉన్నా. అయినా కదల్లేదు. ఇంకో చుక్క పెంచాల్సిందేమో."

ఇసుల్ వంటింట్లోంచి వచ్చి ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. అరవకుండా ఉండటానికి రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది.

"ఏం పడుతున్నావు నాయనమ్మా?"

నాయనమ్మ వెనక్కి తిరిగి తన చిన్న పెట్టె మూత తీసింది. అందులో ఒక గిన్నె, చిన్న వెండి చెంచా, తేనె సీసా. సీసా మీద మన్‌గిల్ అంటించిన ఎర్రక్షరాలు. ఏడాది లోపు పిల్లలకు తినిపించరాదు.

"గోరువెచ్చని నీళ్లలో చెంచా కొస ముంచి. అంతే. ఎంత ఇష్టమో దానికి! చెంచా వదలదు." ముసలామె నవ్వింది. నోట్లో నాలుగు పళ్లే ఉన్నాయి.

"ఇక్కడ రాసి ఉంది కదా నాయనమ్మా..."

"నాకు అక్షరాలు రావనుకుంటున్నావా? చదివాను. వాడు నోటితో కూడా చెప్పాడు, పిల్ల పుట్టిన రోజే. అమ్మా, ఒక ఏడు పిల్లకి తేనె పెట్టకు అని. నాకు నవ్వొచ్చింది. నా పిల్లలకి పుట్టిన మర్నాడే నాకించాను. జ్వరానికి పోయారు, ఆకలికి పోయారు, తేనెకి ఒక్కడూ పోలేదు. కానీ మిగిలినవాడు వీడొక్కడే కదా, వీడి మాట ఎందుకు కాదనాలి? కాచుకుని కూర్చున్నా. పండగ దాకా ఒక్క చుక్క ముట్టించలేదు. పొట్ట గట్టిగా ఉందని తెలిసినా ఊరుకున్నా. దానికి రెండో ఏడు వచ్చాకే మొదలుపెట్టా."

ఇసుల్‌కి ఆ పండగ పొద్దు కళ్ల ముందుకొచ్చింది.

చాంద్రమాన కొత్త ఏడాది పూజ అయింది. అందరి ముందూ, తింటే ఒక ఏడు వయసు పెరుగుతుందనే బియ్యపు బిళ్లల సూప్ పొగలు కక్కుతోంది. మన్‌గిల్ పాపని ఒళ్లో పెట్టుకుని, చెంచా కొసన ఉన్న ఆ సూప్‌తో పెదాలు తడిపాడు. "ఇదిగో, కొత్త వయసు తినేసింది! ఇవాళ్టితో దన్‌బికి రెండేళ్లు!"

తనే నవ్వుతూ అంది. "యాభై రోజులు కూడా నిండలేదు మామయ్యగారూ. కొత్త చట్టం ప్రకారం ఇంకా సున్నాయే."

ఆయన నవ్వలేదు. బల్ల మీద చెంచా గట్టిగా పెట్టాడు. "చట్టం సియోల్లో ఉంటుంది. ఈ ఇంట్లో వయసు ఈ గిన్నెలోంచి వస్తుంది. దన్‌బికి రెండేళ్లు. ఇంకెవరైనా సున్నా అంటే వాళ్లకి సూప్ లేదు."

జేవుక్ నవ్వేశాడు. అప్పుడు నాయనమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది. "రెండా? ఖాయమేనా?"

"ఖాయమే అమ్మా! ఒకటి దాటేసింది!"

ఎందుకు అడిగిందో ఆ బల్ల దగ్గర ఎవరికీ తట్టలేదు. ఇసుల్‌కీ తట్టలేదు. ఇంకో గిన్నెడు సూప్ వడ్డించి కూర్చుంది.

ఇప్పుడు ఇసుల్ ఆ తేనె సీసా తీసుకుని బయటికి వెళ్లి, మంచులో నిలబడి ఫోన్ చేసింది.

"డాక్టర్‌గారూ, తేనె. పండగ మర్నాటి నుంచి రోజూ."

"ఖాయమా?"

"సీసా నా చేతిలో ఉంది."

"ఎవరు పెట్టారు?"

"తర్వాత చెప్తాను. మందు తెప్పించండి."

లోపలికొస్తే నాయనమ్మ చెంచా తుడుస్తోంది. "నీ మొహం అలా పాలిపోయిందేంటే? నేనేమైనా తక్కువ పెట్టానా?"

ఇసుల్ ఆమె చేతిలోంచి చెంచా తీసుకుంది. ఆ చెయ్యి ఎండుటాకులా తేలిగ్గా ఉంది.

"లేదు నాయనమ్మా. సరిపోయింది."

"అయితే పిల్లని త్వరగా తీసుకురండి. ఇల్లు బోసిగా ఉంది."

* * *

మందు ఆ సాయంత్రమే వచ్చింది. డాక్టర్ బాంగ్ స్వయంగా ఎక్కించింది. మర్నాడు ఇసుల్‌నీ జేవుక్‌నీ కూర్చోబెట్టి చెప్పింది.

"మందు పని చేస్తోంది. విషం ఇంక పెరగదు. ఒక్క విషమే అయితే కొన్ని వారాల్లో మీ పాపని మీ చేతికిచ్చేదాన్ని." ఆమె ఆగింది. "కనుమ మీద ఊపిరి ఆగింది కదా. అది మెదడు తట్టుకోలేకపోయింది. నన్ను క్షమించండి."

నడవాలో మన్‌గిల్ కాచుకుని ఉన్నాడు. "తేనె అన్నావట. నా సీసా తీసింది ఎవరు?"

ఇసుల్ ఆయన్ని దాటి నడవబోయింది.

"నిన్నే అడుగుతున్నా అమ్మాయ్! నా ఇంట్లో, నా కళ్లుగప్పి, నా మనవరాలికి పెట్టింది ఎవరు? నువ్వేనా? ఏడుస్తోందని నోరు మూయించడానికి పెట్టావా?"

"నాన్నా!" అన్నాడు జేవుక్. కానీ అతను కూడా భార్య వైపే చూశాడు. "చెప్పు ఇసుల్. నువ్వు కాదని చెప్పు, చాలు."

కాదని చెప్పొచ్చు. చెబితే తర్వాతి ప్రశ్న వస్తుంది. మరి ఎవరు? ఇంట్లో ఉన్నది నలుగురే. ఈయన ఇప్పుడే బండెక్కి ఇంటికెళ్తాడు. చెవిటి తల్లికి వినబడేలా, లోయంతా వినబడేలా అరుస్తాడు. చెంచా తుడిచి పెట్టుకుని పాప కోసం కాచుకుని ఉన్న మనిషి ఆ మాట విన్నాక బతకదు.

ఇసుల్ వెళ్లి గాజు తలుపు ముందు నిలబడింది. ఆ రోజూ, మర్నాడూ మామగారు అడుగుతూనే ఉన్నాడు. భర్త అడగడం మానేశాడు. అదే ఎక్కువ నొప్పెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం దన్‌బి గుండె ఆగిపోయింది. యంత్రం తీసేశాక ఇసుల్ బిడ్డని ఎత్తుకుంది. వాలిన రెప్పల కింద కళ్లు సగం తెరిచే ఉన్నాయి. రెండు వేళ్లతో మూసింది.

* * *

సాయంత్రానికి ఆరోగ్య శాఖ నుంచి ఒక కుర్ర అధికారి వచ్చాడు. ఏడ్చి ఉబ్బిన మొహాల ముందు ఎలా కూర్చోవాలో తెలియక కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఈ సమయంలో వచ్చినందుకు క్షమించండి. ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు. ఆ తేనె ఇంకో పసిబిడ్డ నోట్లో పడకూడదని. కొన్ని వివరాలు చెబితే చాలు." అతను గొంతు సవరించుకున్నాడు. "పాప పేరు?"

"తాక్ దన్‌బి," అన్నాడు మన్‌గిల్. ఇంటి పెద్ద కదా, ఆయనే చెప్పాలి.

"వయసు?"

"రెండేళ్లు."

అధికారి తలెత్తాడు. "రెండు... నెలలు అనుకుంటా కదండీ?"

మన్‌గిల్ నోరు తెరిచాడు. ఎప్పటి జవాబే నాలుక చివర ఉంది. ఇసుల్ మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నాయనమ్మ కూడా అదే అంది మామయ్యగారూ. మీ మాట విని పండగ దాకా ఆగిందట. ఖాయమేనా అని మిమ్మల్ని అడిగే మొదలుపెట్టింది."

జేవుక్ తల తిప్పాడు. ముందు భార్యని చూశాడు, తర్వాత తండ్రిని. అతని చెయ్యి ఇసుల్ చెయ్యి కోసం తడుముకుంది. ఆమె అందివ్వలేదు.

మన్‌గిల్ కదల్లేదు. నాలుగు రోజులుగా గోడల్ని చరిచిన ఆ చేతులు మోకాళ్ల మీద పడి ఉన్నాయి. కనుమ మీద ఫోన్‌లో తను అరిచిన మాట ఆయనకి వినబడింది. సూప్ గిన్నె ముందు తను చెప్పిన మాట కూడా. రెండూ ఒకటే మాట.

అధికారి ఇబ్బందిగా కదిలాడు. "ఇంట్లో ఇంకో పెద్దావిడ ఉన్నారా? అయితే రేపు వచ్చి ఆవిడతో కూడా ఒకసారి..."

"రావద్దు," అన్నాడు మన్‌గిల్. "ఆవిడకి తొంభై నాలుగేళ్లు. పిల్ల ఎప్పుడొస్తుందని అడుగుతుంది. జలుబు చేసి ఆస్పత్రిలోనే ఉందని చెప్తాను. ఆవిడ బతికినన్నాళ్లూ అదే చెప్తాను. ఈ ఇంటి నుంచి ఎవరూ ఇంకో మాట చెప్పరు." ఆయన కోడలి వైపు చూశాడు. చూపు నిలవలేదు. "అమ్మాయ్, నువ్వు కూడా..."

"నేను మూడు రోజులుగా చెప్పలేదు మామయ్యగారూ."

ఆయన తల ఊపాడు. ఆ తల ఆగకుండా ఊగుతూనే ఉంది.

"అయినా ఒక పేరు కావాలండీ," అన్నాడు కుర్రాడు మెల్లగా. "పాపకి తేనె పెట్టింది ఎవరు?"

మన్‌గిల్ లేచి నిలబడ్డాడు. లోయలో సీసా కొన్న ప్రతివాళ్లకీ చెప్పినట్టే గట్టిగా, స్పష్టంగా చెప్పాడు.

"తాక్ మన్‌గిల్."